సీరియస్లీ అని రాయని సెలవు చీటీ

నా చిన్నప్పటి తెలివితక్కువతనంలో ఇంగ్లీషుది పెద్ద వాటా. గాజువాకలో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే రోజుల్లో నాకు బాగా పట్టుబడింది ఒకే ఒక్క మాట, ‘సీరియస్లీ’. సెలవు చీటీలో అది పడితే చాలు, మాస్టారు మారుమాట లేకుండా సంతకం పెట్టేవారు. అలా నా ఆరో తరగతిలోనే మా మామ్మకి నాలుగుసార్లు ‘సీరియస్లీ’ జబ్బు చేసింది. నాకు క్రికెట్ బాగా వచ్చింది.

ఆ మామ్మేమో రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగేది. ఒకనాడు బడి వదిలేవేళ గేటు దగ్గర నన్ను చూసి, “ఒరే మనవడా!” అని కేకేసింది. నా వెనకే మాస్టారు.

“మీరేనా వీడి మామ్మ? చాలా సీరియస్‌గా ఉందని రాశాడే!”

మామ్మ నా మొహం చూసింది. గంప దించి, అక్కడే కూలబడి దగ్గు అందుకుంది.

“ఏటి సెప్పమంతారు బాబూ, ఇయ్యాలో రేపో అన్నట్టున్నాను. ఈ సేపలు మీరట్టుకెల్తే ఇంటికెల్లి పడుకుంతాను.”

మాస్టారు బేరమాడకుండా కొన్నారు.

ఇంటికొచ్చాక తిట్టలేదు. చాప మీద పడుకుని, “సీరియస్సు కదేటి, కాళ్లట్టు,” అంది. చీకటిపడేదాకా పట్టాను. అరికాళ్ల పగుళ్లలో నా వేలు దిగిపోయింది. ఇంకెప్పుడూ ఆ మాట రాయనని ఆ కాళ్ల మీదే ఒట్టేశాను.

మరుసటేడు వానాకాలంలో ఆమెకు నిజంగానే జబ్బు చేసి ఆసుపత్రిలో చేర్చారు. “మామ్మ నిన్ను సూడాలంతంది, రేపు సెలవెట్టీరా,” అంది అమ్మ. చీటీ రాస్తుంటే పెన్ను ఆ మాట దగ్గరే ఆగిపోయింది. సిగ్గేసింది. మామ్మకి ఒంట్లో బాగోలేదని మాత్రం రాశాను.

“అంతేగా? ఇవాళ్టి పరీక్ష రాసి వెళ్లు,” అన్నారు మాస్టారు. ఆయన తప్పేం లేదు, చీటీలో ఉన్నదే చదివారు.

రాసి, ఆటో ఎక్కి వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. “గుమ్మంకేసే సూసిందిరా,” అంది అమ్మ. ఆ పరీక్షలో నాదే ఫస్టు మార్కు. ఇంగ్లీషు పరీక్ష.

ఇప్పుడు నేనొక ఫ్యాక్టరీలో పాతికమందికి సెలవులు మంజూరు చేసే కుర్చీలో ఉన్నాను. మా ఫారంలో ‘కారణం వివరంగా’ అని ఒక గడి ఉంటుంది. ఎవరు తెచ్చినా ముందు ఆ గడిని అడ్డంగా కొట్టేసి, ఆ తర్వాతే సంతకం పెడతాను. ఇలా ఎందుకు చేస్తున్నారో వివరించమని పైనుంచి రెండు మెమోలొచ్చాయి. రెండింటి కిందా వివరం రాయకుండా సంతకం ఒక్కటే పెట్టి పంపాను.