వేలంలో పోయిన జడ్డిగం

మా తాతయ్యకు తాత అయినాయన్ని మా ఇంట్లో అందరూ పెద్దాయన అనేవారు. దొరల కాలంలో, అద్దంకికి కాస్త ఎగువన, తుమ్మా రేగూ తప్ప మరేమీ మొలవని నల్లరేగడి బీడును కొట్టి మొదట సాగులోకి తెచ్చింది ఆయనే. అంతకుముందు మావాళ్లంతా పరాయి పొలాల్లో కూలికి వంగినవాళ్లు. ఆయన ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. మాకు మిగిలినవి ఆయన బాగుచేసిన పొలం ముక్కా, ఆయన చేత్తో తొలిచిన జడ్డిగమూ.

జడ్డిగం అంటే విత్తే గొర్రుకు అమర్చే కొయ్య గిన్నె. అడుగున మూడు బెజ్జాలుంటాయి. ఎద్దులు గొర్రు లాగుతుంటే ఆడమనిషి పక్కనే నడుస్తూ పిడికిట్లోంచి గింజలు అందులో వదులుతుంది. అవి వెదురు గొట్టాల గుండా చాళ్లలో పడతాయి. పెద్దాయన జడ్డిగం ఏడాదంతా మా వసారా దూలానికి వేలాడేది. జొన్న విత్తేనాడు మాత్రం దింపేవారు. ఆ పొలంలో మొదటి గింజ దాన్లోంచి పడితేనే విత్తనం మొదలైనట్టు. నాలుగు తరాలుగా అదే పద్ధతి.

నేను బడికి పోలేదు. చిన్నప్పటి జ్వరం వల్ల ఒక కాలు ఈడ్చి నడిచేదాన్ని, బడేమో రెండూళ్ల అవతల. నాయనమ్మే బైబిలు వాక్యం ముందుపెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. అక్షరాలతోపాటు కృతజ్ఞత కూడా నేర్పింది. కాల్లో ముల్లు దిగితే, రెండో కాల్లో దిగనందుకు వందనాలు చెప్పించేది.

ఎనభైల మొదట్లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, మా ప్రార్థన గుడిలో కోత పండుగ నాటికి నాయనమ్మ జ్వరంతో మంచం పట్టింది. అమ్మ ఆమె దగ్గరే ఉండిపోయింది. తాతయ్యా నాన్నా ఎద్దుల్ని చూడడానికి దర్శి వెళ్లారు. కొత్త పెసలు అర్పణగా గుడికి తీసుకెళ్లే పని నా మీద పడింది. మనం తినే గిన్నెలో పెట్టకు, మంచిది చూసి పెట్టు అంది నాయనమ్మ కళ్లు మూసుకునే. ఇల్లంతా వెతికాను. ఉన్నవన్నీ సొట్టలే, లేకపోతే తినేవే. అప్పుడు తలెత్తితే జడ్డిగం కనబడింది. ఇంట్లో దానికన్నా మంచిది ఇంకేముంది? బెజ్జాల్లో గుడ్డపేలికలు కుక్కి, పెసలు పోసుకుని బయల్దేరాను. మూడో పేలిక దారిలోనే ఊడింది. గుడి గుమ్మం దాకా మా కోడి, తన పిల్లలన్నింటితో, నా వెనకే భక్తిగా నడిచొచ్చింది.

ఆరాధన అయ్యాక అర్పణలు వేలం వేసేవారు. తెచ్చిన పాత్ర కూడా సరుకుతోపాటే పోతుంది, అది మా సంఘం ఆనవాయితీ. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఎప్పుడూ పోయేవి తాటాకు బుట్టలూ అట్టపెట్టెలూ కాబట్టి దాని గురించి ఆలోచించనే లేదు. సంఘపెద్ద జడ్డిగాన్ని పైకెత్తి, పెసలు, కొయ్య గిన్నెతో సహా అన్నాడు. కోడిగుడ్లు దాచుకోవడానికి బాగుంటుందని ఒకామె పాట మొదలుపెట్టింది. చిన్నతాతయ్య ఆమెను దాటుకుంటూ పోయి చివరికి దక్కించుకున్నాడు. మన పెసలకు ఇంత గిరాకీనా అని నేను దేవుడికి వందనాలు కూడా చెప్పుకున్నాను.

చిన్నతాతయ్య మా తాతయ్యకు పినతండ్రి కొడుకు. ఒకే వీధిలో ఉంటూ ఇరవయ్యేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. కారణం పెద్దాయన కథే. బీడు దున్నిన మొదటి ఏడు ఆయన ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. రెండో ఎద్దు పక్కన కాడి కింద మెడ పెట్టింది పెద్దాయనేనని, భార్య నాగలి మేడి పట్టుకుందని మా తాతయ్య ప్రతి ప్రార్థన కూటంలోనూ సాక్ష్యం చెప్పేవాడు. కాదు, కాడి మోసింది ఆ ముసలమ్మే అని చిన్నతాతయ్య వాదన. ఒకసారి కూటం మధ్యలోనే లేచి ఆ మాట అనడంతో పలకరింపులు ఆగిపోయాయి.

తాతయ్య దర్శి నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. దూలం వైపు చూసి, నా వైపు చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ రాత్రే మంచి వాన పడింది.

అక్కణ్ణించి వచ్చింది అసలు చిక్కు. రేగడిలో వాన పదును నాలుగైదు రోజులే నిలుస్తుంది. ఆలోగా విత్తకపోతే మాకు ఏడాది తిండీ లేదు, గొడ్లకు చొప్పా లేదు. మిగతా చేలల్లో పత్తీ మిరపా ఉన్నా అవి అమ్ముకునేవి, తినేవి కావు. వడ్రంగి దగ్గర కొత్త జడ్డిగాలు రెండున్నాయని నాన్న నచ్చజెప్పాడు. తాతయ్య వినలేదు. ఊరంతా విత్తుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని మట్టి పిసికి చూసుకునేవాడు.

రెండో రోజు నేనే చిన్నతాతయ్య ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆయన జడ్డిగాన్ని మంచం పక్కనే పెట్టుకున్నాడు.

"దేవుడికిచ్చింది నేను పాడుకున్నానమ్మా. ఇందులో నీ తప్పేముంది, నా తప్పేముంది?"

"పదును పోతోంది తాతయ్యా."

"పోతే పోనీ. మీ తాతను వచ్చి, నా గుమ్మంలో నిలబడి, కాడి మోసింది ముసలమ్మేనని ఒక్క మాట చెప్పమను. పెసలతో సహా ఇచ్చేస్తా."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తాతయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. చచ్చినా చెప్పనన్నాడు. జ్వరం తగ్గి గోడకానుకుని కూర్చున్న నాయనమ్మ అప్పుడు అందుకుంది.

"నాకు పెళ్లయి యాభయ్యేళ్లయింది. మేడి ఒక్కసారన్నా ఇంకొకరి చేతికి ఇచ్చావా నువ్వు? నీ కొడుక్కే ఇవ్వవు. మీ పెద్దాయన మాత్రం పెళ్లాం చేతికిచ్చి కాడి కింద దూరాడా?"

నాన్న నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు. తాతయ్య ఆ పూట అన్నం తినలేదు.

నాలుగో రోజు పొద్దున్నే గాలి తిరిగింది, పైమట్టి తెల్లబడుతోంది. తాతయ్య కండువా వేసుకుని బయల్దేరితే నేను కుంటుకుంటూ వెనకే పోయాను. చిన్నతాతయ్య గుమ్మం ముందు నిలబడి, ఆ ఇంటి వైపు కాక వేపచెట్టు వైపు తిరిగి, వీధంతా వినేట్టు అరిచాడు.

"ముసలమ్మే మోసిందిరా కాడి! విన్నావా?"

లోపల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత చిన్నతాతయ్య జడ్డిగం చంకన పెట్టుకుని బయటికొచ్చాడు.

"విన్నాలే. చెవుడు నీకొచ్చింది, నాక్కాదు. నడువు, పదును ఆరిపోతోంది."

ఇచ్చి లోపలికి పోతాడనుకున్నాం. పోలేదు, పొలం దాకా వచ్చాడు. తన చేత్తోనే జడ్డిగాన్ని గొర్రుకు బిగించాడు. బిగించినవాడు మేడి కూడా పట్టుకుని వదల్లేదు. తాతయ్యా వదల్లేదు. ఎద్దులు కదిలాయి. నీరసం తీరని నాయనమ్మ పక్కన నడుస్తూ గింజలు వదిలింది. లోతెక్కువైందని ఒకరు ఎత్తితే, పైపైన పడుతోందని రెండోవారు నొక్కేవారు. కుడికని ఒకరూ ఎడమకని ఒకరూ. సాయంత్రానికి పొలమంతా విత్తడం అయింది. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. ఇరవయ్యేళ్ల మాటలు ఒక్కరోజే ఆడేసుకున్నట్టున్నారు.

వారానికి జొన్న మొలిచింది. పొలం నిండా మొలిచింది, దేవుడికి స్తోత్రం. కాకపోతే ఒక్క సాలూ తిన్నగా లేదు. తాగి విత్తినట్టు అన్నీ వంకర్లే. అద్దంకి రోడ్డున పోయేవాళ్లు బళ్లాపి మరీ, ఎవరయ్యా ఈ పొలం విత్తింది అని అడిగేవారు. మా తాతయ్యను అడిగితే మా తమ్ముడు అనేవాడు. చిన్నతాతయ్యను అడిగితే మా అన్న అనేవాడు.