రాగి మీద దారి

మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో ఫెరిక్ క్లోరైడ్ వాసన ముక్కుకు తగలగానే నంద్యాలలోని మా ఇంటి వరండా గుర్తొచ్చింది. నాయన అక్కడ బోరు మోటార్ల స్టార్టర్లకు సర్క్యూట్ బోర్డులు చేసేవాడు. రాగి రేకు మీద మార్కరుతో గీతలు గీసి, ప్లాస్టిక్ టబ్బులో ఫెరిక్ క్లోరైడ్ కలిపిన గోధుమరంగు నీళ్లలో వేసేవాడు. గీతలు లేనిచోట రాగి కరిగిపోయేది.

"ఇవి రోడ్లా నాయనా?" అని చిన్నప్పుడు ఒకరోజు అడిగాను.

"ఆ. ఇది నంద్యాల, అది ఆళ్లగడ్డ," అన్నాడు నవ్వుతూ.

బోర్డు బయటికి తీస్తే ఆ రెంటి మధ్య గీత తెగిపోయి ఉంది. నాయన అక్కడ చిన్న తీగ అతికించి, అక్కడి రైతు మోటారుకు బిగించడానికి బోర్డు తీసుకుని ఆళ్లగడ్డ బస్సుకు బయల్దేరాడు. నేను చొక్కా పట్టుకున్నాను.

"పోవద్దు నాయనా, దారి తెగిపోయింది."

"బేగా వస్తాలే, ఇడువు."

పొద్దు గూకినా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. బస్సు హారన్ వినపడినప్పుడల్లా వరండా మెట్ల మీదికొచ్చి తొంగి చూశాను. అమ్మ నన్ను అన్నానికి కూడా పిలవలేదు.

బాగా చీకటి పడ్డాక నాయన వచ్చాడు. "మోటారు తిరిగింది. రైతు అన్నం తింటేగాని ఇడ్సలేదు. ఫోన్లో చార్జింగ్ అయిపాయ," అన్నాడు.

అమ్మ నీళ్ల చెంబు అందించింది. ఆమె చెయ్యి వణకడం చూసి, దారి తెగిన సంగతి అమ్మకూ తెలుసనుకున్నాను. బయటికి పోయిన మనిషి కోసం చూసేవాళ్లందరి చేతులూ అట్లే ఉంటాయని పెళ్లయ్యాక గాని నాకు తెలియలేదు.