గిటారు కడుపులో బొట్టు

గిటారు మెడకు తగిలించుకున్నారు, పొద్దస్తమానం టింగుటింగుమని నా చెవులు తూట్లు పొడుస్తున్నారు. సంతోషమే. ఆ గుండ్రటి కన్నంలోకి ఒక్కసారైనా తొంగి చూశారా? లోపల అడుగు చెక్క మీద చిటికెన వేలి గోరంత కుంకుమ బొట్టు ఉంటుంది. అదెవరు పెట్టారని మీలో ఒక్కరికైనా అడగాలని తోచిందా? తినేది మాత్రం ఆ దుకాణం కూడే! సరే, అడగకపోయినా చెబుతాను. ఆ ఫోన్లు పక్కన పడేసి వినండి. అది మునిలక్ష్మి బొట్టు.

పుంగనూరులో లక్ష్మయ్యది వడ్రంగి దుకాణం. మొదట్లో భజన గుంపులకు హార్మోనియం పెట్టెలు చేసేవాడు. ఒకసారి మదనపల్లి నుంచి ఎవరో విరిగిన గిటారు తెచ్చి అతికించమన్నారు. లక్ష్మయ్య దాన్ని పూర్తిగా విప్పేసి, లోపలి ప్రతి బద్దనూ కాగితం మీద గీసుకుని, మళ్ళీ అతికించి ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుని సొంతంగా గిటార్లు చేయడం మొదలుపెట్టాడు. వీపుకు పనస చెక్క, మెడకు టేకు, ముందు పలకకు మదనపల్లి టింబర్ డిపోలో ఏరి తెచ్చిన దేవదారు. కొడుకు రమణ కూడా ఆ పనిలోకే దిగాడు. మునిలక్ష్మి ఆ రమణ పెళ్ళాం.

ఆమెది పెద్దమండ్యం. అక్కడ సంతలో కుండ కొనాలంటే వీధిలో ఆడవాళ్ళందరూ మునిలక్ష్మిని వెంటబెట్టుకుని పోయేవారు. వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, "ఇది ఉగాది దాకా కూడా ఉండదు, అది తియ్" అనేది. ఆమె వస్తోందంటే కుండలమ్మే వాళ్ళు పగుళ్ళ కుండలు గోనెసంచి కింద దాచేవారంటే చూడండి.

అత్తగారింట ఆ చెవికి పని లేకుండా పోయింది. లక్ష్మయ్య ఇంట్లో ఆడవాళ్ళు ఉలి, చిత్రిక ముట్టకూడదు. బంక కాచవచ్చు. ఉప్పు కాగితంతో చెక్కను నున్నగా రుద్దవచ్చు. గుడ్డ ముంచి లక్క పాలిష్ పెట్టవచ్చు. పదును ఉన్నదేదీ తాకకూడదు. కూరగాయలు కోసే కత్తిపీటకు మాత్రం ఈ కట్టుబాటు వర్తించదు, అదేం న్యాయమో!

మునిలక్ష్మి రుద్దుతూ రుద్దుతూ ముందు పలక మీద కణుపుతో కొట్టి చూసేది. "టొప్" అనేది. నీళ్ళు నిండిన కడవను కొట్టినట్టు.

"మామా, ఇది మందమైపోయిండాది. నోరు పెగలడంలా దీనికి."

"పగిలిపోయిందని ఎవుడూ నా దుకాణం ముందర నిలబడకూడదుమే. నా గిటారు మీద మనిషి కూర్చున్నా ఏం గాదు."

"కూర్చునేదానికైతే ముక్కాలిపీట చెయ్యి మామా."

రమణ పక్కకు తిరిగి నవ్వుకునేవాడు. తండ్రి ముందు అంతకు మించి ధైర్యం లేదు ఆ మహానుభావుడికి.

మునిలక్ష్మి అన్నమాటే జనమూ అనడం మొదలుపెట్టారు. గిటార్లు గట్టివే కానీ పలకవు. కొనేవాళ్ళు తగ్గిపోయారు. తొంభై ఆరులో దసరాకు ముందు కుప్పం నుంచి కుప్పుస్వామి వచ్చాడు. అక్కడ పిల్లలకు సంగీతం నేర్పే మనిషి. అంతకుముందు ఒక గిటారు తీసుకుపోయి ఉన్నాడు.

"ఏమప్పా లక్ష్మయ్యా, నీ గిటారు సద్దు ముందు బెంచీ దాటి పోదప్పా. ఆరు కావాల నాకు. తీగలు నేనే వేసుకుంటా. కడాకు కూర్చున్న బిడ్డకు వినపడితే ఉంచుకుంటా. లేదంటే నేను బెంగళూరు బస్సెక్కాల్సిందే."

ఆయన పోయాక లక్ష్మయ్య కొడుకునూ కోడలినీ పిలిచి తేల్చేశాడు. "ఈ ఆరూ వెనక్కొస్తే గిటార్ల పని ఈడికి చాలు. తలుపులు, మంచాలు చేసుకుందాం." మునిలక్ష్మికి ఆ రోజు అన్నం దిగలేదు. పలకల మీద కొట్టి వినడమంటే ఆమెకు ప్రాణం. మంచాన్ని కొట్టి వినేదేముంటుంది?

ఆయుధపూజ నాటికి ఆరు గిటార్లూ తయారై వరసగా నిలబడ్డాయి. పాలిష్ ఒక్కటే మిగిలింది. లక్ష్మయ్య రంపాలకు, ఉలులకు పసుపు పూసి బొట్లు పెట్టాడు. తర్వాత కుంకుమ గిన్నెతో గిటార్ల వైపు నడిచాడు.

"మామా, పచ్చి చెక్క. ఇంకా పాలిష్ వెయ్యలేదు," అంది మునిలక్ష్మి.

"దేవునికి పాలిష్ సూపించాల్నా? నోరు మూసుకో."

తడి కుంకుమతో ఒక్కో గిటారుకు రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాడు. మర్నాడు గుడ్డతో తుడిస్తే పైపొడి పోయింది కానీ ఎరుపు చెక్కలోకి దిగిపోయింది. తెల్లటి దేవదారు మీద ఆరు ఎర్రటి మరకలు. లక్ష్మయ్య వాటిని చూసి, ఎవరినీ తిట్టడానికి వీల్లేక, గుర్రంకొండలో చుట్టాలను చూడాలని అప్పటికప్పుడు గుర్తు తెచ్చుకుని బస్సెక్కేశాడు. పోతూ పోతూ, "రుద్దిపెట్టుమే," అని మాత్రం అన్నాడు.

మునిలక్ష్మి ఉప్పు కాగితం పట్టుకుని కూర్చుంది. రుద్దింది, రుద్దింది. మధ్యాహ్నానికి మొదటి గిటారు మీద మరక పోయింది. అలవాటు కొద్దీ కణుపుతో కొట్టింది. "టొప్" అనలేదు. కడవలో నీళ్ళు కొంచెం వంపినట్టు "టోమ్" అంది.

"సాల్లేమే, ఎరుపు పోయింది గదా," అన్నాడు రమణ.

"ఎరుపు పోయింది. మందం యాడ పోయింది? ఆ చిత్రిక ఇట్లియ్యి."

"నాయన సంపుతాడు!"

"మీ నాయన గుర్రంకొండలో ఉండాడు. నువ్వు ఈడ ఉండావు. ఇస్తావా, నేనే తీసుకోనా?"

ఇచ్చాడు. ఆ మనిషి చేసిన మంచి పనుల్లో అదొకటి. మునిలక్ష్మి చిత్రిక ఒకసారి లాగడం, ఒకసారి కొట్టి వినడం, మళ్ళీ లాగడం. అంచుల దగ్గర పలచగా, నడుమ కొంచెం మందంగా. కొలత బద్ద ముట్టుకోలేదు. ఆరో గిటారు "ణోమ్మ్" అని మోగే సరికి సాయంత్రమైంది. ఒళ్ళో రుమాలీ రొట్టెల్లా పలచటి చెక్క పొరలు. సరిగ్గా అప్పుడే లక్ష్మయ్య గడపలో నిలబడ్డాడు.

చిత్రిక చూశాడు. పొరలు చూశాడు. పలకను బొటనవేలితో నొక్కాడు. అది కాస్త కిందికి దిగింది.

"అప్పడం చేసిపెట్టినావు గదమ్మా! తీగ బిగిస్తే ఆరూ పగులుతాయి!"

"పగిల్తే నేనే పొయ్యిలో పెట్టి నీకు నీళ్ళు కాస్తా మామా."

తర్వాత వారం రోజులు ఆయన కోడలితో మాట్లాడలేదు. నీళ్ళు కావాలన్నా గోడతో చెప్పేవాడు. ఆరింటికీ లక్క పాలిష్ పెట్టి, తీగలు ఆనే చెక్కలు అతికించడం రమణ వంతైంది. కుప్పం పోయే రోజున మాత్రం గోడను వదిలి ఆమెతోనే అన్నాడు.

"నువ్వూ రా. ఆయప్ప తిట్టేది నువ్వే వినాల."

బస్సులో రమణతో కలిపి ముగ్గురూ, ఒక్కొక్కరు రెండేసి గిటార్లు పాత చీరల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పలమనేరులో ఎక్కిన ఒక ముసలామె మునిలక్ష్మి ఒళ్ళోకి చూసి, "కవలలా అమ్మా?" అంది. "అవునవ్వా, ఇంకా నోరు రాలేదు," అంది మునిలక్ష్మి. లక్ష్మయ్య కిటికీ వైపు తిరిగాడు. నవ్వాడని రమణ ఒట్టు పెట్టి చెప్పేవాడు.

కుప్పంలో పిల్లలంతా బెంచీల మీద కూర్చుని ఉండగా కుప్పుస్వామి మొదటి గిటారుకు తీగలు వేయడం మొదలుపెట్టాడు. ఒక్కో మర తిప్పినప్పుడల్లా చెక్క కిర్రుమంటోంది. లక్ష్మయ్య కళ్ళు మూసుకున్నాడు. మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. పగిలితే ఇక మంచాలే. ఆరో తీగ బిగిసింది. పలక పగల్లేదు. కుప్పుస్వామి బొటనవేలితో తీగలన్నీ ఒక్కసారి మీటాడు.

వెనక బెంచీలో ఒక పిల్ల ఉలిక్కిపడి చేతిలోని రాతపలక కింద పడేసింది.

కుప్పుస్వామి మిగతా అయిదూ చూడనే లేదు. "ఎవరి చెయ్యప్పా ఇది? నీది కాదు," అన్నాడు.

లక్ష్మయ్య గొంతు సవరించుకున్నాడు. అబద్ధమాడడానికి ఎంత టైముందో అంతా తీసుకున్నాడు. చివరికి, "మా కోడలిది సామీ. నాది కుంకుమ ఒకటే," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె చేతికి సరిపడే చిన్న చిత్రిక ఒకటి చేశాడు. దానికి తనే బొట్టు పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత దుకాణంలో ఏ గిటారు ముందు పలకనూ మునిలక్ష్మి వినకుండా అతికించి మూయలేదు. బొట్టు చెక్క పైన పెట్టడం మానేశారు. మూసే ముందు లోపల, అడుగు చెక్క మీద, ఆమే పెట్టేది. కూతురు రాణికి పదేళ్ళకే కణుపుతో కొట్టి వినడం నేర్పింది. తప్పు చెబితే అదే కణుపుతో నెత్తిన కొట్టేది. ఈ రోజు ఆ దుకాణం నడిపేది రాణే.

రెండువేల తొమ్మిదిలో, చివరి గిటారుకు బొట్టు పెట్టిన నాలుగు రోజులకు మునిలక్ష్మి పోయింది. అప్పటికి ఆమెకు యాభై ఒక్క ఏళ్ళు.