సగం ఫీజుకు చచ్చినవాణ్ణి

మా ఎల్బీ నగర్ కాలనీలో ఒక ఆచారం ఉంది. ఫీజు తగ్గించమని కాలేజీకి పోయే రోజు ఒంటి మీద బంగారం కనబడకూడదు. మా ఇంటామె గొలుసు, గాజులు, కమ్మలు తీసి బీరువాలో పెట్టింది. పసుపుతాడును జాకెట్టు లోపలికి తోసింది. నేను నిజాం కాలంలో చిరిగిన చొక్కా వేసుకున్నాను. నా ఫ్లెక్సీల షాపు మూతబడింది. కాలేజీవాళ్లు ఫీజు కాస్త తగ్గించకపోతే, అక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే బిడ్డను ఆ నెలలోనే ఇంటికి తెచ్చుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమెను కాలేజీ ముందు దించి, బండి పెట్టే జాగ కోసం దాదాపు సరూర్‌నగర్ చెరువులో దిగినంత పని చేసి వచ్చాను.

మెట్లెక్కాను. అంతస్తుకు లక్షమంది పిల్లలు, ఒక్క దగ్గు లేదు. బస్సుల హారన్లు కూడా గేటు దగ్గరే ఆగిపోయాయి. ఎవరూ నా వైపు తలెత్తలేదు. డీన్ గది తలుపు ఓరగా ఉంది. లోపల ఆయన మా ఇంటామెతో మాట్లాడుతున్నాడు.

"ఏం చెప్పకండమ్మా. మీ మెడ, చేతులు చూస్తేనే అర్థమైంది. తండ్రి లేని పిల్లలకు మా దగ్గర సగం ఫీజే. ఆయన ఎక్కడున్నా సంతోషిస్తారు."

ఎక్కడున్నా అంటే, గోడకు ఇవతల. చెమటకు ఆమె బొట్టు కూడా చెరిగిపోయిందట.

"అది గాదు సార్..."

"ఏడవకండి. పాపను పిలిపించాను."

సగం ఫీజు! తలుపు తోయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అనుమానమొచ్చి నాడి పట్టుకుని చూసుకున్నాను. దొరకలేదు. నాకు నాడి చూడటం రాదన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

బిడ్డ నా పక్కనుంచే పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది. నన్ను చూడలేదు.

"అమ్మా, నాన ఏడి? నానకేమైంది?"

ఆ కేకకు ఆగలేకపోయాను. సగం ఫీజు పోతే పోనీ అని తలుపు తోశాను. "ఈడనే ఉన్న బిడ్డా!"

డీన్ నా మొహం చూడలేదు. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని కిందికి చూశాడు.

"మరి ఈ వేషం ఏంటమ్మా?"

"బంగారం కనబడితే తగ్గియ్యరని కాలనీల అందరు అన్నరు సార్."

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "పాపకి మంచి ర్యాంకు వస్తుంది, వదులుకోలేం. పైవాళ్లకి ఫోన్ చేసి సగానికి ఒప్పించేశాను. తండ్రి బతికొచ్చాడని మళ్లీ చెప్పలేను. పాప ఇక్కడున్నన్నాళ్లూ మీరు మాత్రం కనబడకండి."

అప్పటినుంచి మీటింగులకు ఆమె ఒక్కతే పోతుంది, బోసి మెడతో. నేను రోడ్డవతల మెట్రో పిల్లర్ నీడలో నిలబడతాను. మొన్న పై అంతస్తు కిటికీలో బిడ్డ కనబడింది. పక్కన స్నేహితులున్నారు. చెయ్యి ఊపాను.

సూటిగా నా వైపే చూసింది. నా వెనకున్న పిల్లర్‌ను చూస్తున్నట్టు.