పచ్చగా అంటే ఏ పచ్చ?

1998 వానాకాలం. మాదాపూర్‌లో అప్పటికింకా మేడల కంటే బండరాళ్లే ఎక్కువ. అద్దాల మేడలు లేవాలంటే ముందు రాళ్లు కదలాలి కాబట్టి, రోజూ ఏదో ఒక వైపు మందు పెట్టి పేల్చేవాళ్లు. మా ల్యాబ్ ఒక కిరాయి ఇంటి పై అంతస్తులో ఉండేది. పేలుడు వినిపించినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడేవి, నేను ఇంక్యుబేటర్ దగ్గరికి పరుగెత్తేదాన్ని. మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో అంత వేడిని నిలిపి ఉంచే పెట్టె అది. అందులో మేం చర్మ కణాలను పెంచేవాళ్లం.

మనిషి లేకుండా మనిషి చర్మం ఎలా బతుకుతుందని మా బంధువులు అడిగేవారు. వేళకు తిండి పెడితే బతుకుతుంది. ఆ తిండిని మీడియం అంటాం, చూడ్డానికి గులాబీ రంగు నీళ్లలా ఉంటుంది. కణాలు తిని, ఊపిరి పీల్చి, తమ పులుపును అందులోకి వదులుతుంటే ఆ గులాబీ కాస్తా పసుపుగా మారుతుంది. కణాలు చచ్చిపోతే గులాబీ గులాబీగానే ఉండిపోతుంది. చిక్కేమిటంటే, సూక్ష్మజీవులు దూరినా పసుపుగానే మారుతుంది. అందుకే ఆ రంగును చూసి సంతోషించాలో, నెత్తి బాదుకోవాలో మైక్రోస్కోప్ పెట్టి చూసేదాకా తెలియదు.

ఆ రోజుల్లో నాగరత్నమ్మ గారు మా దగ్గరికి వచ్చారు. కడప వైపు మనిషి. బాలానగర్‌లో ఒక షెడ్డు తీసుకుని ముఖానికి రాసే క్రీము తయారు చేసేవారు. కలపడం, డబ్బాల్లో నింపడం ఆవిడ చెల్లెలు పార్వతి పని. ఆ పార్వతి చేతులు వేళ్ల సందుల్లో పగిలి, నెత్తురోడుతున్నాయి. క్రీము పాడవకుండా వేసే మందును ప్రిజర్వేటివ్ అంటారు. దాని వల్లే ఇదంతా అని చర్మం డాక్టరు తేల్చేశాడు. సరేనని ఆ మందు మానేసి ఒక విడత చేస్తే, వానలకు డబ్బాల నిండా బూజు. మందు వేస్తే చెల్లెలి చేతులు పోతాయి, వేయకపోతే క్రీము పోతుంది. పని మానేసి ఇంట్లో కూర్చోమంటే పార్వతి ససేమిరా అంది. అది తన పని, తన చేత్తో నిలబెట్టిన పని.

నాగరత్నమ్మ గారు ఒక సంచీ నిండా ఎండిన దానిమ్మ తొక్కలు తెచ్చారు. పుండ్లకు, పగుళ్లకు వాళ్లమ్మ ఆ కషాయమే పోసేదట. అది కలిపితే మందు చేసే చెడు తగ్గుతుందేమో చూసి చెప్పమన్నారు. వంటింటి వైద్యాలంటే నాకు ఒళ్లు మంట. కానీ తొక్కకు ఆ వగరునిచ్చే పదార్థాలు, పాలీఫెనాల్స్ అంటాం, కణాలకు కాపు కాస్తాయని చదివి ఉన్నాను. సరే, చూద్దామన్నాను.

గుంత పొంగణాల పెనం లాంటి చిన్న ప్లాస్టిక్ ప్లేటులో, గుంతగుంతకూ కణాలు వేశాం. కొన్నిటిలో ఉత్త ప్రిజర్వేటివ్. కొన్నిటిలో ముందు తొక్క సారం, ఆ మీద ప్రిజర్వేటివ్. కొన్నిటిలో కణాలే లేకుండా, మీడియంలో సారం మాత్రం కలిపి పోశాం. దాన్ని కంట్రోల్ అంటాం. సారం తన రంగుతోనే మనల్ని బోల్తా కొట్టించకుండా ఉండటానికి.

తర్వాత నేను క్రీము కలిపే పద్ధతి చూద్దామని బాలానగర్ వెళ్లాను. అక్కాచెల్లెళ్లతో మాట్లాడుతుండగా షెడ్డులో ఫోను మోగింది, నాకేనన్నారు. మా టెక్నీషియన్ నర్సింగ్, మాదాపూర్ చుట్టుపక్కల ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. "మేడమ్, ప్లేట్ల సగం గుంతలు పచ్చగైనయ్. పారేయమంటరా?" అన్నాడు.

నేను తెనాలి వైపు దాన్ని, పచ్చ అనగానే నా కళ్ల ముందు మెదిలింది ఆకు రంగే. ఆకు రంగు అంటే బూజు. బూజు పట్టిన ప్లేటును క్షణం ఉంచకూడదు, మిగతా వాటికీ పాకుతుంది. బ్లీచ్ పోసి పారేయమని నేనే అందరికీ నూరిపోసి ఉన్నాను. "పచ్చగానా?" అని పైకే అనేశాను.

పక్కనున్న నాగరత్నమ్మ గారి ముఖం వెలిగిపోయింది. "పచ్చగా ఉండాయంటే బాగుండాయని గదా మేడమ్. మీరేమి అట్ల భయపడతాండారు?"

ఆ మాటతో నా నోటిదాకా వచ్చిన "పారెయ్" ఆగిపోయింది. "నర్సింగ్, ఆకుపచ్చా, పసుపుపచ్చా?" అని అడిగాను.

"పసుపే మేడమ్. పచ్చ అంటే గదే గదా. ఆకు రంగుంటె ఆకుపచ్చ అనే అంటుంటి."

పచ్చకామెర్లు అనేటప్పుడు మేమంతా పసుపునే కదా పచ్చ అనేది! తలుపు మూసి, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, అక్కాచెల్లెళ్లను కూడా ఆటోలో ఎక్కించుకుని మాదాపూర్ వచ్చాను. దారి పొడవునా నాకు నవ్వూ, భయమూ కలిసి వచ్చాయి. ఒక్క మాట, ముగ్గురికి మూడు అర్థాలు. అందులో ఏది నిజమో ఇంకా తేలలేదు.

ప్లేటు తీసి చూశాను. కణాలు లేని సారపు గుంతలు గులాబీగానే ఉన్నాయి. అంటే ఆ పసుపు తొక్కది కాదు. మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఉత్త ప్రిజర్వేటివ్ పోసిన గుంతలో కణాలు ముడుచుకుపోయి, పట్టు వదిలేసి తేలుతున్నాయి. తొక్క సారం కూడా పోసిన పక్క పసుపు గుంతకు జరిపాను. సూక్ష్మజీవుల జాడ లేదు. కణాలు సన్నగా సాగి, అడుగును కరుచుకుని, చేపపిల్లల గుంపులా ఒకే వైపు తిరిగి ఉన్నాయి. అదే మందు, అంతే మందు. మధ్యలో ఉన్నది మనం చెత్తబుట్టలో పారేసే తొక్క.

నమ్మకం చాలక నీలం రంగు వేశాను. చచ్చిన కణం ఆ రంగును లోపలికి రానిస్తుంది, బతికున్నది గడప తొక్కనివ్వదు. ఆ గుంతలో నీలం బయటే నిలబడిపోయింది. బయట ఎక్కడో బండ పేలింది. బల్ల అదిరింది, కణాలు వణికి మళ్లీ నిలదొక్కుకున్నాయి. నాకు చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

నాగరత్నమ్మ గారు అప్పటికే తీర్మానించేశారు: తొక్క సారం కలిపి, పాత మందే వాడదామని. నేను వద్దన్నాను. మందు నేరుగా కణాన్ని చంపడం వేరు, పార్వతి ఒంటికి ఆ మందు పడకపోవడం వేరు. రెండోది అలర్జీ, ఆమె ఒళ్లే ఆ మందు మీద తిరగబడుతోంది. తొక్క దాన్ని ఆపుతుందని నా ప్లేటు చెప్పదు. "ఇంత బతికించింది గద మేడమ్" అన్నారు నాగరత్నమ్మ గారు, గొంతు తగ్గించి. ఆ ఆశ మీద నీళ్లు చల్లడం నాకూ కష్టంగానే ఉంది.

పార్వతి తానూ చూస్తానంది. చచ్చిన గుంతను చాలాసేపు చూసింది. గుడ్డ చుట్టుకున్న తన వేళ్లు చూసుకుంది. "వద్దులేక్కా. ఆ మందు మనకొద్దు" అంది. తర్వాత బతికిన గుంత చూసింది. తల ఎత్తకుండానే అడిగింది: "మేడమ్, ఈ తోలు ఎవురిది?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నాకూ తెలియదు. ఎవరికో ఆపరేషన్ చేసినప్పుడు తీసేసిన ముక్క, మా దగ్గరికి పేరు రాదు. ఆ మాటే చెప్పాను.

పార్వతి లేచి నిలబడి, ఆ ప్లేటుకేసి చూస్తూ అంది: "ఎవురో గానీ, పచ్చగా ఉండాల."

డాక్టరు ఆమె ఒంటి మీద పరీక్షించి సరేనన్న వేరే ప్రిజర్వేటివ్‌కు వాళ్లు మారారు. పార్వతి చేతులు నెమ్మదిగా మానాయి, పని మానలేదు. తొక్క సారం క్రీములో ఉండిపోయింది గానీ, డబ్బా మీద దాని గురించి గొప్పలు రాసుకోలేదు. గాజు కింద కనిపించింది ఎంతో అంతే చెప్పాలని నేను నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఇప్పటికీ ఇంక్యుబేటర్ తలుపు తీసి, గులాబీ పసుపుగా మారిన ప్లేటు కనిపిస్తే, ముందు మైక్రోస్కోప్ కింద చూస్తాను. కణాలు క్షేమమని తేలాక, పేరు తెలియని ఆ మనిషిని తలుచుకుని పార్వతి మాటే అనుకుంటాను.