సచ్చిపోయాడు గానీ ఉన్నాడు

నా పుస్తకాలు చాలా మటుకు మా కొట్లోకి కిలోల లెక్కన వచ్చినవే. నరసన్నపేట బజారులో మాది కిరాణా కొట్టు. ఆవాలూ జీలకర్రా పొట్లాలు కట్టడానికి నాన్న పాత కాగితం మూటలు కొనేవారు. వాటిలో దినపత్రికలూ, ఇంజనీరింగు గైడ్లూ, విశాఖపట్నంలో ఎవరో చదివి వదిలించుకున్న ఇంగ్లీషు నవలలూ ఉండేవి. నవల కాగితం పొట్లానికి పనికిరాదు. చిన్న సైజు, పైగా మడత నిలవదు, ఆవాలు కారిపోతాయి. నాన్న విసుక్కుంటూ వాటిని బస్తాల వెనక్కి విసిరేసేవారు. నేను వెళ్ళి ఏరుకునేదాన్ని.

అన్నింటికీ ఒకటే రకం అట్టలు. నల్లటి అడవి, పొగమంచు, పొడుగాటి గౌను వేసుకున్న అమ్మాయి, ఆమె వెనకాల ఎటో చూస్తున్న అబ్బాయి. వాడు మామూలు అబ్బాయి కాదు. రక్తం తాగేవాడో, పున్నమికి తోడేలయ్యేవాడో, రెక్కలు పోగొట్టుకున్న దేవదూతో అయి ఉంటాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నేను నిఘంటువు పక్కన పెట్టుకుని, వాక్యానికి రెండు మాటలు వదిలేసి, మిగిలిన వాటితో కలలు కనేదాన్ని. ఆ అబ్బాయిలు ప్రతి పేజీలోనూ పాలిపోయి ఉండేవారు. అమ్మాయిలు అది చూసి మూర్ఛపోయేవారు. మా ఊళ్ళో అంత పాలిపోయినవాడు కనిపిస్తే పచ్చకామెర్లని పసరు తాగిస్తారు. అది తెలిసీ నేనూ మూర్ఛపోయేదాన్ని.

ఇంటర్ చదవడానికి రోజూ శ్రీకాకుళం బస్సెక్కేదాన్ని. ఆ రోజుల్లో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, చేలన్నీ పొగమంచు అడవులైపోయేవి. ఊడ్పుల నీళ్ళలో ఆకాశం దిగి ఉండేది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ రైతు కూడా నా కంటికి ఏదో శాపం మోస్తున్నవాడిలాగే కనిపించేవాడు. కండక్టరు రెండు సార్లు పిలిస్తే గానీ నాకు వినబడేది కాదు.

ఈ కథలు వినేందుకు నాకొక మనిషి ఉండేది. మా మేనత్త, నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన రెండో ఏడే మామయ్య హైవే మీద లారీ కింద పడి పోయాడు. నేనప్పుడు రెండో తరగతి. అత్త పుట్టింటికి తిరిగొచ్చి, మేడ మీది గదిలో ఉండిపోయింది. చింతపండు గింజ తీయడం, వత్తులు చేయడం, కొట్టుకు కావలసినవి పొట్లాలు కట్టడం, ఇదే ఆవిడ రోజు. మనిషి నెమ్మది. నవ్వితే మాత్రం మెట్ల కింద దాకా వినిపించేది.

ఆ ఏడు ఆషాఢంలో అత్త ఒక జవాబు చెప్పాల్సి ఉంది. కోటబొమ్మాళి నుంచి సంబంధం వచ్చింది. ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. భార్య జబ్బు చేసి పోయింది, పిల్లల్లేరు, ఇంట్లో ఒక్కడే. మనిషి మంచివాడని నాన్న నాలుగు చోట్ల కనుక్కున్నారు. ఆషాఢంలో మంచి మాటలు మాట్లాడుకోరు కాబట్టి ఆ నెలంతా అత్తకు గడువు దొరికింది. శ్రావణం రాగానే అవునో కాదో చెప్పాలి. నాన్న అడగడానికి మొహమాటపడేవారు. అమ్మకు ఆ మొహమాటం లేదు, కానీ అడిగినప్పుడల్లా అత్త చింతపండు బుట్ట ముందుకు లాక్కునేది.

సరిగ్గా ఆ నెలలోనే నాకు మూటలో ఒక సిరీస్ దొరికింది. మూడు భాగాల కథ, అందులో రెండు భాగాలే. మధ్యాహ్నం నాన్న షట్టరు సగం దించి కునుకు తీసేవేళ, కాలేజీ లేని రోజుల్లో నేను మేడెక్కేదాన్ని. బయట ముసురు. గది నిండా చింతపండు వాసన, తడిసిన కాగితం వాసన. అత్త వత్తులు చేస్తూ, సెప్పు, ఏటైంది, అనేది.

మొదటి రోజే చిక్కొచ్చింది. కథానాయకుణ్ణి ఏమని చెప్పాలి? రక్తం తాగే దెయ్యమన్నాను. ఛీ, అలాంటోడితో ఆ పిల్లకేటి పని, అంది అత్త. అందంగా ఉంటాడన్నాను. దెయ్యమైతే కాళ్ళు వెనక్కుంటాయి కదా, ఆడి కాళ్ళు ఎటున్నాయో చూడమంది. నేను నా పుస్తకాలన్నీ తెచ్చి అట్టలు పరిచాను. విచిత్రం ఏమిటంటే ఒక్క అట్ట మీదా ఒక్కడికీ కాళ్ళు లేవు. అందర్నీ నడుము దగ్గరే కోసేశారు. అత్త పగలబడి నవ్వింది. కాళ్ళు దాచీసినారంటే అనుమానించాల్సిందే, అంది.

నాకు రోషమొచ్చింది. దెయ్యం కాదన్నాను. మనిషే, కాకపోతే వందేళ్ళ కిందట పోయాడు. అత్త వత్తి చేస్తున్న చెయ్యి ఆపింది.

"సచ్చిపోయాడా, ఉన్నాడా? ఒకటి సెప్పు."

"సచ్చిపోయాడు గానీ ఉన్నాడత్తా."

ఆవిడ బయటికి చూసింది. వాన చూరు మీంచి కారుతూ ఉంది. తరవాత, అలగైతే బాగున్నాది, సెప్పు, అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని నాకంటే ఆవిడే ఎక్కువగా చూసేది.

రెండో భాగంలో బతికున్న అబ్బాయి ఒకడు వస్తాడు. అమ్మాయి పాత బండి బాగుచేసి పెడతాడు, వాళ్ళ నాన్నకు చేపలు తెస్తాడు, ఆమెను చూసి ఊరికే ఎర్రబడతాడు. నాకు వాడంటే గిట్టేది కాదు. చచ్చినవాడు వెన్నెల్లో నిలబడి వందేళ్ళ ప్రేమ చెబుతుంటే మధ్యలో ఈ మెకానిక్ ఏమిటని నా కోపం. వాడి పేజీలు త్వరత్వరగా చెప్పి దాటేసేదాన్ని. అత్త మాత్రం వాడు ఏం తెచ్చాడు, ఏం తిన్నాడు అని అడిగి మరీ చెప్పించుకునేది. చచ్చినవాడు ఏమీ తినడని తెలిశాక ఆవిడకు బెంగ పట్టుకుంది. వండి పెడితే తిననోడితో కాపరమెలాగే, అని నన్నడిగింది. ప్రేమ ఉంటే అన్నంతో పనేమిటన్నాను. నాకు అప్పటికి అన్నం వండటం రాదు.

ఒకరోజు గడప సంగతి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఒక నియమం ఉంటుంది. చచ్చినవాడు పిలవనిదే గడప దాటి లోపలికి రాలేడు. ఆ అమ్మాయి తలుపు తీసి, లోపలికి రా, అనే చోటు నేను రెండు సార్లు చదివి చెప్పాను. అత్త వింటూ వింటూ, మన ఊళ్ళో రేపు రా అని రాసీవోళ్ళు, నీకు గేపకముందా, అంది.

నాకు జ్ఞాపకమే. ఆ పుకారు మా జిల్లా అంతా తిరిగింది. ఏదో ఆడ దెయ్యం చీకటి పడ్డాక ఇంటింటికీ వచ్చి, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీస్తే అంతేననీ చెప్పుకునేవారు. అందుకని ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో 'రేపు రా' అని రాశారు. దెయ్యం వచ్చి, అది చదివి, సరేనని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది. ఇంత బుద్ధిగా చదువుకునే దెయ్యం మరే జిల్లాలోనైనా ఉందో లేదో నాకు తెలియదు. అమ్మ మా ఇంట్లో కొట్టు తలుపు నుంచి మేడ గది దాకా అన్నిటి మీదా రాసింది. మేడ గది తలుపు మీద మాత్రం తెల్లారేసరికి అక్షరాలు ఉండేవి కావు. అమ్మ మళ్ళీ రాసేది, మళ్ళీ చెరిగిపోయేది. వాన జల్లు కొడుతోంది కాబోలని అనుకున్నాం.

"నానే సెరిపీసీదాన్ని," అంది అత్త, చేతిలోని దూదిని చూస్తూ. "మీ మావయ్య పోయిన ఏడే కదా అది. దెయ్యానికి సదువొస్తే ఆయనకీ వస్తాది. వొచ్చి, అది సదివి ఎల్లిపోతాడేమోనని. నన్ను మొకం సూడనీనేదే ఆ రోజు. గుడ్డ కప్పి తెచ్చీసి, గుడ్డ కప్పి పట్టుకెళిపోయారు. సచ్చిపోయాడని అందరూ సెప్పారు, నాను ఇన్నాను. అంతే."

ఆవిడ పక్కకు జరిగి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ గదిలో చింతపండు గింజలు తీస్తూ ఆవిడ ఎదురుచూస్తూనే ఉందా అనిపించింది. రెండో భాగం ఆ వారమే అయిపోయింది. ఆ అమ్మాయి ఇద్దరిలో ఎవరి చెయ్యి పట్టుకుందో చెప్పకుండానే పుస్తకం ముగిసింది.

ఇక అత్త నన్ను నిలవనివ్వలేదు. మూడోది దొరికిందేటి, అని రోజూ అడిగేది. కొట్లో మూటలన్నీ విప్పి చూశాను. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు దగ్గర పాత పుస్తకాలవాళ్ళను అడిగాను. ఫోన్లో వెతికితే ముగింపు తెలిసేదేమో, కానీ ఇంట్లో ఉన్న ఒక్క టచ్ ఫోనూ నాన్న జేబులో ఉండేది. పైగా ముగింపును అలా తెలుసుకోవడమంటే పెళ్ళి భోజనానికి బయల్దేరి విస్తళ్ళు ఎత్తేశాక చేరడమే.

అత్త తన జవాబును నా పుస్తకం చివర వెతుకుతోందని మొదట కనిపెట్టింది అమ్మ. ఒకరోజు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, దొరికినా దొరక్కపోయినా, ఆ పిల్ల బతికున్నవాణ్ణే చేసుకుందని చెప్పమంది. కథను మార్చడం తప్పన్నాను. "కతదేటుందే? కత ఎలాగైనా బతుకుతాది. మీ అత్తని బతకనీ," అంది అమ్మ. అమ్మ కంట్లో నీళ్ళు చూడటం నాకు కొత్త. ఏమీ ఒప్పుకోకుండా బయటికొచ్చేశాను.

ఆషాఢం చివర్లో, విజయనగరంలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గంటస్తంభం దగ్గర, పేవ్‌మెంటు మీద, గైడ్ల కింద ఆ మూడో భాగం కనిపించింది. వెనక అట్ట లేదు, చివరి పేజీ దాకా ఉంది. ఆ రాత్రే మొదలుపెట్టి, మర్నాడు తిరుగు బస్సులో కూడా, నిఘంటువు లేకుండా, వాన పడుతున్న కిటికీ పక్కన పరుగులాంటి చదువు చదివాను. నరసన్నపేట వచ్చేసరికి ముఖమంతా తడి. ఆ అమ్మాయి చచ్చినవాణ్ణే కోరుకుంది. అతని కోసం తనూ అలాగే అయిపోయింది. ఇద్దరూ ఎప్పటికీ ముసలివాళ్ళు కారు. అంతకంటే గొప్ప ముగింపు లోకంలో ఉండదనుకున్నాను. బస్సు దిగి బజారులో నడుస్తుంటే అమ్మ మాట గుర్తొచ్చింది. అప్పటిదాకా గాల్లో తేలుతున్న కాళ్ళు నేల మీదికి దిగాయి.

ఇంటికెళ్ళేసరికి సాయంత్రం. అత్త వంటింటి గడప దగ్గర చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అమ్మ పొయ్యి దగ్గరుంది. నా చేతిలో పుస్తకం చూసి ఇద్దరూ నా వంక తిరిగారు. అమ్మ చూపు నాకు తగులుతూనే ఉంది. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ తలుపు మీది అక్షరాలు చెరిపేసిన మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల కూడా పోయిందత్తా, అన్నాను. ఇద్దరూ కలిసే ఉంటారు, ఎప్పటికీ.

అమ్మ గరిటె కింద పెట్టేసింది.

అత్త బియ్యంలో వేలు తిప్పింది. తరవాత తలెత్తి, "మరి ఆ రెండో గుంటడో?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. బతికున్నవాడు. చేపలు తెచ్చేవాడు. వాడి గురించి పుస్తకంలో ఏమీ లేదన్నాను. పెళ్ళి కబురు విని అడవిలోకి వెళ్ళిపోయాడని ఒక వాక్యం ఉంది, అంతే.

"ఇంటికొచ్చాడా మరి?"

"రాయలేదత్తా."

"అన్నం తిన్నాడో నేదో అదీ రాయనేదా?"

రాయలేదన్నాను. అత్తకు కోపమొచ్చింది. ఆవిడకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. చేట పక్కన పెట్టేసి, ఇంత లావు పుస్తకం రాసి మిగిలిపోయినోడి ఊసు ఎత్తనేదేటి, ఆడు పొద్దున్న లేచి ఏం సేస్తాడో, ఎవుల్తో మాటాడతాడో ఒక ముక్కైనా రాయొద్దా అని ఆ రాసినావిణ్ణి తిట్టింది. నేను ఆ పుస్తకం వెనక్కి దాచుకున్నాను. అంత గొప్ప ముగింపు నా చేతుల్లోనే చిన్నదైపోయింది.

అప్పుడే నాన్న టీ కోసం కొట్లోంచి లోపలికొచ్చారు. అత్త ఆయన ముఖంలోకి చూడకుండా అడిగింది.

"అన్నియ్యా, ఆ కోటబొమ్మాళి ఆయనకి వంట ఎవులు సేస్తన్నారు?"

ఆషాఢమని నాన్నకు గుర్తుంది కాబోలు, కంగారుపడ్డారు. ఎవరూ లేరనీ, మధ్యాహ్నం హోటలనీ, రాత్రి ఏదో కానిస్తాడనీ తడబడుతూ చెప్పారు. అత్త విని తలూపింది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రెండు రాళ్ళు ఏరి పడేసింది.

"శ్రావణం రానీ. వొచ్చి ఓ పూట బోంచేసి ఎల్లమను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నిలబడ్డచోటే నిలబడిపోయారు. నేను మాత్రం ఏడ్చేశాను. ఫోటోలో తప్ప ముఖం గుర్తులేని మామయ్య కోసం ఏడ్చాను. ఇక ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ ఉండరు కదా అని. అత్త నా వైపు ఒకసారి చూసింది. ఆవిడ ఏడవలేదు. బియ్యం కడగడానికి లేచింది.