చిలికాలో బోడితల భూతం

2000 ప్రాంతంలో, పెళ్లయిన కొత్తలో, అత్తింటివాళ్లతో చిలికా సరస్సుకు షికారు వెళ్లాను. వాళ్లు ఉద్దానం తీరంలో సముద్రపు వేటకు వెళ్లేవాళ్లు. నాది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. పడవెక్కాక తెడ్లు వాళ్లకు వదిలేసి, కబుర్ల పని నేను పుచ్చుకున్నాను.

"ఈ నీళ్లలో పడవల్ని బోల్తా కొట్టించే బోడితల భూతం ఉంది. ఓసారి ఒక్క గుద్దుతో తరిమేశాను" అన్నాను. నా కొత్త పెళ్లాం కళ్లు మెరిశాయి.

అంతలో పక్కనే నున్నటి బోడితల లేచి బుస్సుమంది! కెవ్వుమని మామగారి మెడకు వేలాడాను. పడవ ఊగిపోయింది.

"డాల్ఫినది బావా! ఏటలా సూత్తన్నావు? గుద్దు మరి!" బావమరిది పడీపడీ నవ్వాడు.

"ముందు నా మెడొదులు అల్లుడా, తెడ్డెయ్యాల" అన్నాడు మామ.

నా కథల్లో నిజంగా ఎదురొచ్చింది అదొక్కటే. ఇప్పటికీ నేను నలుగురిలో గొప్పలు మొదలెడితే చాలు, వంటింట్లోంచి మా ఆవిడ 'బుస్సు'మంటుంది.